గరిటె దించని చోట భోజనం

ఈ ప్రయాణం రెండు ఉత్తరాలతో మొదలైంది. మా ఆఖరి చెల్లెలు సుగుణ మెల్‌బోర్న్‌లో నర్సు. క్లేటన్‌లో మరో ఇద్దరితో కలిసి అద్దె ఇంట్లో ఉంటుంది. ఆంబులెన్సు నడిపే కెవిన్ అనే ఐరిష్ కుటుంబపు అబ్బాయిని చేసుకుంటానని నిరుడు రాసింది. వద్దని జవాబు రాశాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. దేశం వేరు, వాళ్ళు కథోలికులు, మేం క్రైస్తవులమే గానీ కథోలికులం కాము. నాన్నగారు లేరు. నరసాపురంలో అమ్మ, "పెద్దదానివి, నీ మాటే నా మాట" అని తేల్చేసింది. సుగుణ మూడో ఉత్తరం రాయలేదు, విమానం టిక్కెట్టు పంపింది. బడికి సెలవు పెట్టి, ప్రార్థన చేసుకుని బయల్దేరాను. అబ్బాయిని క్లేటన్‌లోనే చూశాను. మాట తక్కువ. తిన్న గిన్నెలు కడిగిపెట్టి వెళ్ళాడు. కానీ మనిషిని చూస్తే చాలదు, ఇల్లు చూడాలి. వాళ్ళమ్మ నోరీన్ పోర్ట్ ఫెయిరీ అనే ఊళ్ళో సముద్రం ఒడ్డున చిన్న హోటలు నడుపుతుంది. కెవిన్‌కి డ్యూటీ ఉన్న ఒక శనివారం, మే నెల చలిలో, నేనూ సుగుణా వెళ్ళాం.

స్పెన్సర్ స్ట్రీట్ స్టేషన్లో ఉదయం ఎనిమిదిన్నర దాటాక వార్నంబూల్ రైలు ఎక్కాం. రానూపోనూ టిక్కెట్టు మనిషికి నలభై డాలర్ల లోపే అయింది. మూడుంబావు గంటల ప్రయాణం. ఎడమవైపు కూర్చుంటే గీలాంగ్ చేరేముందు సముద్రం కనిపిస్తుంది. ఆ తర్వాత అంతా గొర్రెలు, పచ్చిక. సుగుణ దారి పొడుగునా నాకు పాఠం చెప్పింది.

"అక్కా, ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. మొన్న బైబిల్ స్టడీలో ఆ ఆంటీ కేక్ ఇస్తే నో థాంక్స్ అన్నావు. ఆవిడ ప్లేటు లోపలికి తీసుకెళ్ళిపోయింది. నువ్వు వంటింటి వైపే చూస్తూ కూర్చున్నావు."

"నేను చూడలేదు."

"చూశావులే. బస్‌లో నీ కడుపు అరుస్తోంటే నాకు వినపడింది. ఇవాళ మాత్రం కావాలంటే ఫస్ట్ టైమే యెస్ అనెయ్."

వార్నంబూల్ నుంచి బస్సులో అరగంట. నేల నల్లగా ఉంది, మన రేగడిలాగా. ఒక చల్లారిన అగ్నిపర్వతం పక్కనుంచి దారి. పొలాల మధ్య నల్లరాళ్ళు పేర్చిన గోడలు, బంగాళాదుంపలు తవ్వేసిన సాళ్ళు. దుంప కుళ్ళి ఐర్లాండులో కరువొస్తే ఇక్కడి రైతుల ముత్తాతలు ఓడలెక్కి వచ్చారట. వచ్చి ఇక్కడా దుంపే వేశారు. డ్రైవరు ఆ సంగతి చెప్పి, ఎక్కడ దిగుతారని అడిగాడు. నోరీన్ హోటలన్నాం.

"పొద్దున ఏమైనా తిన్నారా?"

"స్టేషన్లో బన్ను తిన్నాం."

"తప్పు చేశారు," అన్నాడు, నవ్వకుండా.

హోటలంటే రేకుల కప్పు ఇల్లే. ముందు గదిలో ఆరు బల్లలు, కిటికీలోంచి పడవల రేవు. సూపు, చేప, టీ కలిపి పన్నెండు డాలర్లని పలక మీద సుద్దతో రాసి ఉంది. నోరీన్‌ది నా వయసే. నెరిసిన జుట్టు, పిండి అంటిన చేతులు. ఎందుకొచ్చామో ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ముగ్గురిలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

ముందు చేపల సూపు తెచ్చింది. తెల్లగా, పాలతో కాచింది. నేను కళ్ళు మూసుకున్నాను. నా ప్రార్థన కొంచెం పొడుగు, ఆ రోజు మరీ పొడుగైంది. కళ్ళు తెరిచేసరికి నోరీన్ చేతులు కట్టుకుని నిలబడే ఉంది. తనూ ఆమెన్ అని, వాళ్ళ పద్ధతిలో సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత సూపు గిన్నెలు వేలితో తాకి చూసి, లోపలికి తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చింది.

సూపులో పసుపు లేదు, చింతపండు లేదు. అయినా నీచు వాసన లేదు. ఎలాగని అడిగాను.

"పొద్దున ఈదిన చేపకి వాసనెక్కడిది?" అంది.

బంగాళాదుంప మెత్తగా మెదిపి, క్యాబేజీ కలిపి, మధ్యలో గుంట చేసి వెన్న వేసింది. పేరు కోల్‌క్యానన్. ముద్దపప్పులో గుంట చేసి నెయ్యి పోసినట్టే. రొట్టె మీద సిలువలా గాటు ఉంటే, ఎందుకని అడిగాను.

"దేవుడి కోసం. లోపల ఉడకడం కోసం కూడా," అంది.

నాకు ఆ జవాబు నచ్చింది.

చెల్లెలు నేర్పినట్టు, పెట్టిన ప్రతిదానికీ మొదటిసారే యెస్ అన్నాను. పళ్ళెం కొండైంది. తినగలిగినంత తిన్నాను. నోరీన్ గరిటెతో మళ్ళీ వచ్చింది.

"ఇంకొంచెం?"

"చాలండి."

గరిటె కదల్లేదు. "ఒక్క చెంచా."

"నిజంగా చాలు."

"ఎక్కడ తిన్నారు, పిట్ట తిన్నట్టు," అని నా పళ్ళెం మీదే పట్టుకుని నిలబడింది.

నాకు నవ్వొచ్చింది. అలా గరిటె పట్టి నిలబడే మనిషిని నరసాపురం వదిలాక చూడలేదు. అదే ఆవిడతో అన్నాను. కేకు సంగతి కూడా చెప్పాను. ఆవిడ గరిటె పట్టుకునే ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"నేను పెళ్ళై ఐర్లాండు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో నెల రోజులు ఆకలితో మాడాను. మా ఇళ్ళలో మొదటి వద్దు మర్యాదకి, రెండోది సిగ్గుకి. మూడోసారి చెప్పేదే అసలు మాట. ఇక్కడెవరూ మూడోసారి దాకా ఆగలేదు. దేశం కాని దేశంలో ఆకలి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా బల్ల దగ్గరికి వచ్చిన పిల్లని," అని సుగుణ వైపు చూసి ఆగింది. "ఒక్కసారి అడిగి వదిలెయ్యను."

సుగుణ తల వంచుకుని రొట్టె తుంచుతోంది. నేను పళ్ళెం ముందుకి జరిపాను. ఒక్క చెంచా అంది కానీ మూడు వేసింది.

ఆఖర్న సముద్రపు నాచు పాలలో కాచి, చల్లార్చిన తీపి పెట్టింది. ఆ ఎండునాచు ఆవిడ అక్క ఐర్లాండు నుంచి పంపుతుందట. జున్నులా వణికింది. అడిగించుకోకుండా రెండోసారి వేయించుకున్నాను.

తిరుగు బస్సు సాయంత్రం నాలుగున్నర తర్వాత. రేవు పక్కన నిలబడ్డాం. గాలికి చెవులు గడ్డకట్టాయి. ఆ సముద్రానికి అవతల మంచు ఖండం దాకా నేల లేదట. సుగుణ చేతి తొడుగు తీస్తోంది, వేసుకుంటోంది.

"రెండుసార్లు అడిగావు," అన్నాను.

"రెండుసార్లూ వద్దన్నావుగా."

"ఇంకోసారి అడుగు."

అది నా మొహంలోకి చూసింది. అడగబోయి ఏడ్చింది. బస్సు వచ్చేలోపు అడిగింది.

నా రెండు వద్దులూ మర్యాదకి అన్నవి కావు, భయంతో అన్నవి. ప్రార్థించాననుకున్నాను. ప్రార్థించానో, నా భయాన్నే దేవుడికి వినిపించానో ఇప్పుడు చెప్పలేను. పెళ్ళి ఏ చర్చిలో అన్నది వాళ్ళిద్దరూ మోకరించి తేల్చుకుంటారు. అమ్మకి మాత్రం ఆ ఇంటి గరిటె గురించి రాశాను. ఆవిడకి అంతే చాలు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. స్టేషన్లో బన్ను తినకండి. హోటలు ఆదివారాలు ఉండదు. ఈ డిసెంబరులో ఒక శనివారం కూడా తలుపు వేసి ఉంటుంది. ఆ రోజు నోరీన్‌కి పెళ్ళి వంట ఉంది, పక్కన పప్పు మెదపడానికి నేనుంటాను.