తమ్ముడి కంప్యూటర్‌కు అక్క విసిరిన గాలి

దయ్యాల మాట ఎత్తితే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పాడుబడిన క్వార్టర్లలో, కాలువ గట్ల మీద ఏళ్లకేళ్లు ఒంటరిగా పడుకున్నాను. ఏనాడూ ఏమీ కనబడలేదు. చూసింది చూసినట్టు ఆ రోజే డైరీలో రాయడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఇదీ అట్లా రాసుకున్నదే. ఏమీ కలపలేదు.

మా తమ్ముడు గద్వాలలో ఉంటాడు. నేత చీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసి మగ్గాల వాళ్లకు ఇస్తాడు. పనిమంతుడే. నోరే మంచిది కాదు. బావ పోయినప్పటి నుంచి మా అక్క వాడి దగ్గరే ఉండేది.

కంప్యూటర్ డబ్బా లోపల, ప్రాసెసర్ మీద చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది గీ అని మొత్తుకుంటుంటే గీతలు కుదరడం లేదని వాడు దాని వైరు పీకేశాడు. కొత్తది వేయించినా ఆ చప్పుడూ నచ్చలేదు, దాని వైరూ పీకాడు. ఫ్యాన్ తిరగకపోతే ప్రాసెసర్ వేడెక్కి మిషన్ దానంతటదే ఆగిపోతుంది. అందుకని డబ్బా పక్క రేకు విప్పి, దాని ముందు పీట వేసి, అక్క చేతికి విసనకర్ర ఇచ్చాడు.

నేనుండేది వనపర్తిలో. అక్కడి నుంచి వాళ్లింటికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాను. డెబ్బై దాటిన మనిషి ఇనుప డబ్బాకు విసురుతోంది. ఆమెకు మాత్రం గాలి లేదు. కాగితాలు ఎగురుతాయని పై ఫ్యాన్ బంద్. తెర మూలన ప్రాసెసర్ వేడి ఎంతో చూపే అంకె ఉంటుంది. అది పెరిగితే తమ్ముడు కసిరేవాడు. ఆమె చెయ్యి మార్చుకునేది.

ఇదేం పద్ధతిరా అని గట్టిగానే అడిగాను.

"ఊకె కూసోని తింటున్నది గదన్న. చేతులకు జర కసరత్తు," అని నవ్వాడు. "అయినా అక్క ఫ్యానుకు సప్పుడుండదు."

వనపర్తికి రమ్మని పిలిస్తే అక్కే రాలేదు. తాను లేకపోతే వాడి పని ఆగి, ఇంకా తిడతాడని ఆమె భయం.

మొన్నటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె ఆ పీట మీదే పోయింది. తల డబ్బాకు ఆనించి ఉందట. మిషన్ ఆగిపోయాకే తమ్ముడికి తెలిసింది. ముందు అరిచాడట, తర్వాత తిరిగి చూశాడట. ఇది తమ్ముడి భార్య, మా మరదలు చెప్పింది.

దినాలు అయిన కొన్నాళ్లకు మరదలు ఫోన్ చేసి ఒకసారి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. పట్టపగలే వెళ్లాను. తమ్ముడు పనిలో ఉన్నాడు. డబ్బా పక్క రేకు విప్పే ఉంది. పీట ఖాళీ. లోపలి ఫ్యాన్ వైరు ఊడే ఉంది, రెక్కలు కదలడం లేదు. విసనకర్రను అక్కతో పాటే కాల్చేశారు. అయినా తెర మీద అంకె తక్కువగా, నిలకడగా ఉంది. గదిలో చప్పుడే లేదు.

నేను పరీక్షించందే నమ్మను. కిటికీలు, తలుపు నేనే మూశాను. మరదలి దగ్గర ఒక పట్టు పోగు తీసుకుని డబ్బా ముందు వేలాడదీశాను. పోగు లోపలికి ఊగింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ఊగింది. చెయ్యి పెడితే గాలి తగిలింది. జానెడు పక్కన ఉక్కపోత. మధ్యమధ్యలో ఆ గాలి కాస్త ఆగుతోంది, అలసిన చెయ్యి మార్చుకునేంతసేపు.

"బావా, ఆమెను ఇడిసిపెట్టమని మీరన్నా ఈయనకు చెప్పుండ్రి," అంది మరదలు. "సచ్చినంక గూడ పనేనా? మాకు మంచిగుంటదా?"

చప్పుడు చేయని ఫ్యాన్ హైదరాబాద్ నుంచి నేనే తెప్పిస్తాను, అప్పటిదాకా మిషన్ ఆపు అన్నాను.

"ఇప్పుడేం తక్లీఫ్ ఉన్నదన్న?" అన్నాడు తమ్ముడు. "అన్నం గూడ అడుగుతలేదు."

ఆ మాటతో గాలి ఆగింది. పోగు కదలకుండా వేలాడింది. తెర మీద అంకె ఎక్కసాగింది. నిజం చెబుతున్నాను, నాకు సంతోషమైంది. ఇక విడుదలైంది అనుకున్నాను. మరదలు చేతులు జోడించింది.

తమ్ముడు తల కూడా తిప్పలేదు. "అలిగితే పని ఎట్లయితది? ఇసురు," అన్నాడు.

పోగు ఉలిక్కిపడ్డట్టు ఊగింది, ముందుకన్నా వేగంగా. అంకె దిగడం మొదలైంది. వాడు కొంగు మీద నెమలి గీసుకుంటూ కూర్చున్నాడు.

కంప్యూటర్లు తెలిసిన ఒకాయనను అడిగాను. ఫ్యాన్ లేకుండా, అంత పని చేస్తూ అది అంత చల్లగా ఉండదన్నాడు. పోగు సంగతి ఆయనకు చెప్పలేదు.

ఆ గాలి ఎక్కడిదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. తమ్ముడు ఇప్పుడు రాత్రిళ్లు కూడా మిషన్ ఆపడం లేదట.