జి అక్షరానికి దెబ్బ తగలకూడదు

మా తమ్ముడు ఏళ్ల తరబడి సినిమాలకు మాటలు రాస్తున్నాడు. తెర మీద మాత్రం వాడి పేరు ఎన్నడూ పడలేదు. ఫిల్మ్‌నగర్‌లో దీన్ని ఘోస్ట్ రాయడం అంటారు. దెయ్యమైనా అప్పుడప్పుడూ తెర మీద కనిపిస్తుంది, వీడికి ఆ భాగ్యం కూడా లేదు. కిందటేడు ఒక దర్శకుడు వాడి భుజం మీద చెయ్యేసి, "ఈసారి నీకు సింగిల్ కార్డు" అని మాటిచ్చాడు. అంటే తెర మీద కాసేపు వాడి పేరు ఒక్కటే ఉంటుందన్నమాట. వాడు యూసుఫ్‌గూడ నుంచి శ్రీనగర్ కాలనీలో ఉన్న మా ఇంటికి స్వీటు డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు.

కథలో హీరో శాస్త్రవేత్త, ముసలితనానికి మందు కనిపెడతాడు. నేను కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను కాబట్టి, "అక్కా, ఒక్కసారి కథ సిట్టింగ్‌కొచ్చి ఆ సైన్సేదో చెప్పవా" అని బతిమాలాడు. వెళ్లాను.

డిఎన్‌ఎలో ఎ, టి, జి, సి అనే బేసులు పళ్లేల దొంతరలా పేర్చి ఉంటాయని మొదలుపెట్టాను. ఆక్సీకరణ దెబ్బ ఎక్కడో తగిలి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. ఆ లోటు అక్కడే ఉండదు. దెబ్బ తిన్న బేసు పక్కదాని ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, అది తన పక్కదాని దగ్గర లాక్కుంటుంది. అలా లోటు దూరం ప్రయాణించి, చాలాసార్లు జి దగ్గర, అంటే గ్వానిన్ దగ్గర స్థిరపడుతుంది. ఎలక్ట్రాన్‌ను అన్నిటికంటే తేలిగ్గా ఇచ్చేసేది అదే మరి. రెండు జిలు పక్కపక్కన ఉంటే ఇంకా సులువు. పాడయ్యేదీ అదే, ఆ తర్వాత కణం తీసుకునే కాపీలో తప్పు అక్షరం పడేదీ అక్కడే. వయసు మీద పడేకొద్దీ ఇలాంటి తప్పులే పేరుకుపోతాయి.

"దెబ్బ ఒకచోట, డ్యామేజీ ఇంకోచోట! ఇంటర్వెల్ దొరికింది మేడమ్!" అని దర్శకుడు లేచి నిలబడ్డాడు.

హీరోగారి మేనేజరు మాత్రం మొహం మాడ్చుకున్నాడు. "గట్లెట్ల మేడమ్? అన్న పేరు జీ తోనే షురూ అయితది. కారు మీద జీ, ఉంగరం మీద జీ. జీకే దెబ్బ తగుల్తదంటే ఫ్యాన్స్ ఊకుంటరా?"

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. ఇక్కడ దీన్ని సెంటిమెంట్ అంటారు, గుండె జబ్బు కంటే సీరియస్ వ్యవహారం. ఎ నిర్మాతగారి అమ్మాయి పేరులో మొదటి అక్షరమట. సి బ్యానరు పేరులో మొదటిదట. మిగిలింది టి. అది పోటీ హీరో అక్షరమని ఎవరో గుర్తు చెయ్యగానే గది వెలిగిపోయింది.

"టీకి తగిలిద్దాం!"

"ఎలక్ట్రాన్లకు అభిమాన సంఘాలు ఉండవండీ. జి కాకపోతే అది సైన్సే కాదు" అన్నాను.

దర్శకుడు నన్ను వదిలేసి తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వు రాసేస్తావు కదా?"

వాడు తలూపాడు. బయటికొచ్చాక రోడ్డు మీదే వాణ్ణి కడిగేశాను. "కార్డు పోతుందక్కా" అన్నాడు, అంతే.

విడుదల రోజు ఇద్దరం వెళ్లాం. టికి దెబ్బ తగిలినప్పుడు ఈలలు పడ్డాయి. పేర్లలో హీరోగారి జుట్టు దువ్వినవాళ్లూ, కుక్కకు శిక్షణ ఇచ్చినాయనా ఉన్నారు. తమ్ముడు లేడు. నిడివి ఎక్కువైందని ఆ కార్డు తీసేశారట.

వారం తిరక్కుండానే మెడికల్ విద్యార్థులు ఆ సీనును చీల్చి చెండాడుతూ వీడియోలు పెట్టారు. సినిమా నవ్వులపాలైంది. వెంటనే ప్రెస్‌మీట్ పెట్టారు. మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాం. హీరో తాను దర్శకుణ్ణి నమ్మానన్నాడు. దర్శకుడు తాను రైటింగ్ టీమ్‌ను నమ్మానన్నాడు. పోస్టరు మీద పేరున్న పెద్ద రచయిత మైకు దగ్గరకు లాక్కుని, ఆ సీను తనది కాదంటూ మా తమ్ముడి పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, విడమరిచి చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ప్రెస్‌మీట్ ముగిసిందో లేదో వాడి ఫోన్ మోగింది. దర్శకుడే. "పర్లేదు సార్... అయ్యో, అదేం లేదు సార్... ఇప్పుడే వస్తున్నా సార్."

"కొత్త కథట. ఈసారి కార్డు గ్యారంటీ అంటున్నాడు" అని లేచాడు.

"సిగ్గుందా నీకు?" అని అరిచాను.

చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగాడు.

"ఇంటిపేరు కరెక్టుగానే పలికాడు కదక్కా?"