అత్తయ్య ఒళ్ళో ఫ్యూజులు

తొంభైల చివర్లో మేం చీరాల నుంచి వాడరేవు వెళ్ళే దారిలో ఒక పాత మిద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా మామగారు బతికుండగా కొన్న ఇల్లు. చుట్టూ సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. ఆ ఉప్పుగాలికి ఇంట్లో ఏ ఇనప వస్తువూ నిలిచేది కాదు. కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలేవి. స్విచ్చి విప్పితే లోపలి ఇత్తడి ముక్కల మీద పచ్చగా చిలుము. వానాకాలంలో గోడ మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమనేది. వైర్లేమో చెక్క పట్టీల మీద బిగించి గోడల పొడవునా లాగినవి. అవి ఎప్పుడు వేయించారో మా ఆయనకు కూడా గుర్తు లేదు.

మా ఆయన గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేసేవాడు. సరుకు వచ్చే రోజుల్లో ఆదివారం ఇంటికొస్తే గొప్ప. నేను ముందు గదిలో చీరల వ్యాపారం పెట్టుకున్నాను. ఇంట్లో ఎప్పుడూ ఉండేది నేనూ, మా అత్తగారూ. వైరింగు మార్పిద్దామని నేను అన్నప్పుడల్లా "ఈ సీజను పోనీ" అనేవాడు మా ఆయన. సీజన్లు పోతూనే ఉన్నాయి.

ఒక రోజు పొద్దున అత్తయ్య తడి చీర ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది. మా దండెం ఇనప తీగ. దాని ఒక కొస కిటికీ ఊచకు కట్టి ఉండేది. ఆ కిటికీ పక్కనుంచే పాత వైరు పోతోందని మాకెవరికీ తట్టలేదు. అరుపు విని నేను పరిగెత్తేసరికి ఆవిడ బావి చప్టా మీద వెల్లకిలా పడి ఉంది. చీర సగం దండెం మీద, సగం నేల మీద.

"ముట్టుకోకే! నన్ను ముట్టుకోకు!" అని కేకలు పెట్టింది.

కరెంటు ఇంకా తన ఒంట్లోనే ఉందనుకుంది. షాకు విసిరి పారేసింది కాబట్టి బతికింది గానీ, అరచెయ్యి కమిలిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి రిక్షా ఎక్కించబోతే కూడా నన్ను దగ్గరికి రానివ్వలేదు.

ఆ తర్వాత ఆవిడ స్విచ్చి జోలికి పోవడం మానేసింది. నేను బజారుకు వెళ్ళి పొద్దుపోయి వస్తే ఇల్లంతా చీకటిగా ఉండేది, ఆవిడ వరండాలో నులక మంచం మీద కూర్చుని ఉండేది. నాకూ కుదురు పోయింది. టెస్టరు కొనుక్కుని జాకెట్లో దోపుకుని తిరిగేదాన్ని. కుళాయికి పెట్టి చూడడం, బీరువాకు పెట్టి చూడడం. చీరలు చూపిస్తూ చూపిస్తూ మధ్యలో లేచిపోయేదాన్ని. "ఏంటండీ, కూర్చున్న చోట కూర్చోరు" అని కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఇక మా ఆయన కోసం చూడకుండా ఎలక్ట్రీషియన్‌ను వెతకడం మొదలుపెట్టాను. మొదట వచ్చినతను బోర్డు మారిస్తే చాలన్నాడు. ఇంకొకతను రొయ్యల చెరువుల పనుల్లో ఊపిరాడడం లేదని మొహం మీదే చెప్పేశాడు. అప్పట్లో ఆ తీరమంతా రొయ్యల చెరువులే. చివరికి తెలిసినవాళ్ళు చెబితే పేటలోంచి ఒకతను వచ్చాడు. ముప్ఫై దాటి ఉంటాయి. పెద్ద గొంతు. గడపలో అడుగు పెడుతూనే, "ఇది ఇల్లు కాదు మేడం, షాకుల ఫ్యాక్టరీ. ఒక్క ముక్క కూడా పనికిరాదు, మొత్తం పీకెయ్యాల్సిందే" అన్నాడు. ఆ ధీమా చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి రోజు ముందు గదిలో చెక్క పట్టీలన్నీ ఊడబీకాడు. సున్నం పెచ్చులు రాలి చీరల మూటల మీద దుమ్ము కమ్మింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వైర్లు గోడల మీంచి పేగుల్లా వేలాడుతుంటే వాటి కింద నుంచి తల వంచుకుని నడిచేవాళ్ళం. ఉండబట్టలేక వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"అద్దంకిలో పెళ్ళి లైటింగు పని ఉందని పోయాడండీ" అంది.

ఆవిడ వెనక, ఇంటి పక్క నీడలో, అతను నాకు వీపు చేసి కూర్చుని ఉన్నాడు. నేను చూశానని ఆవిడకూ తెలిసింది. తల దించుకుని, "బద్ధకమండీ ఈయనకి. ఇంతకుముందు ఇట్లా కాదు" అంది మెల్లగా.

తర్వాతి రోజు వచ్చాడు. ఏమీ జరగనట్టే పెద్ద గొంతుతో మాట్లాడుతూ నిచ్చెన వేశాడు. మెయిన్ ఆపాడు. పైకెక్కాడు, దిగాడు. మళ్ళీ వెళ్ళి మెయిన్ చూసొచ్చాడు. లుంగీకి చేతులు తుడుచుకుని ఎక్కాడు, వైరు దాకా చెయ్యి పోనిచ్చి వెనక్కి తీసుకున్నాడు. వైర్లు కత్తిరించే ప్లాస్ దొరకడం లేదన్నాడు. ప్లాస్ అతని జేబులోనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వేరేవాణ్ణి చూసుకుంటామని అనబోతున్నాను. ఇంతలో వరండాలోంచి అత్తయ్య నన్ను పిలిచింది.

"వాడిది బద్ధకం కాదే. భయం."

నేను నమ్మలేదు. ఆవిడే లేచి గుమ్మం దాకా వచ్చి, "దిగు అబ్బాయ్. ఏం జరిగింది నీకు?" అని అడిగింది.

అతను నవ్వేయబోయాడు. ఆవిడ కమిలిన అరచెయ్యి చాపి చూపించింది. అతను నిచ్చెన దిగి గడప మీద కూర్చున్నాడు.

"రొయ్యల చెరువులో నీళ్ళు తిప్పే మోటారు పాడైతే బాగు చెయ్యడానికి దిగాం మామ్మగారూ. నేనూ, మా బావమరిదీ. షెడ్డులో ఫ్యూజులు పీకి అక్కడే బల్ల మీద పెట్టొచ్చాను. కాపలా ఉండేవాడు నేను పెట్టడం మరిచిపోయాననుకుని మళ్ళీ పెట్టేశాడు. నేను అప్పుడే గట్టు మీదికి వచ్చాను. వాడు నీళ్ళలో ఉన్నాడు."

జేబులోంచి ప్లాస్ తీసి గడప మీద పెట్టాడు.

"ఇప్పుడు నా చేత్తోనే ఆపినా సరే, అవతల ఎవడో వేస్తున్నట్టే ఉంటుంది. చెయ్యి పోదు."

"మీ ఆవిడకు చెప్పావా?"

"వాడు దాని తమ్ముడండీ. ఏం చెప్పమంటారు?"

అత్తయ్య కమిలిన చేతిని రెండో చేత్తో రుద్దుకుంది. తర్వాత అంది: "ఆ ఫ్యూజులు పీకి నాకియ్యి. పని అయ్యేదాకా నా దగ్గరే ఉంటాయి."

నేను ఆశ్చర్యపోయాను. స్టీలు గ్లాసు కూడా భయంభయంగా పట్టుకుంటున్న మనిషి ఆవిడ. అతను పింగాణీ ఫ్యూజులు తెచ్చి చేతికి ఇవ్వబోతే, "చేతికొద్దు, ఇక్కడ పెట్టు" అని ఒడి చూపించింది. చీర కొంగు వాటి మీద కప్పి, అతనికి ఎదురుగా, నిచ్చెన మీంచి కనిపించేలా ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. అతను ఎక్కాడు. పైనుంచి ఒకసారి ఆవిడ వంక చూశాడు. వైరు పట్టుకున్నాడు.

అట్లా రోజూ పొద్దున ఫ్యూజులు ఆవిడ ఒళ్ళోకి వెళ్ళేవి. అన్నం కూడా అక్కడే కూర్చుని తినేది.

ఆదివారం మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. మండుటెండలో రైలు దిగి వచ్చినవాడు ఫ్యాను తిరగడం లేదని చూసి చిరాకు పడ్డాడు. "ఒక గంట కరెంటు వెయ్యండి, కాస్త నడుం వాలుస్తాను. అతను ఆ లోపల భోజనం చేసి వస్తాడు."

"వీల్లేదు" అంది అత్తయ్య.

"అమ్మా, అతను పని చేసేది వెనక గదిలో. ముందు గదికి వేస్తే ఏమవుతుంది?" అంటూ ఒళ్ళోకి చెయ్యి పెట్టబోయాడు.

"ఒరేయ్, చెయ్యి తియ్!" ఆవిడ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "మనిషి తీగ మీద ఉన్నాడు. ఉక్కపోస్తే చెట్టు కిందకి పోయి పడుకో."

వెనక గదిలో సుత్తి చప్పుడు ఆగిపోయింది. అతను నిచ్చెన దిగి వెళ్ళిపోతాడేమో, ఇక రాడేమో అనుకున్నాను. మా ఆయన ఇద్దరి వంకా చూసి, తువ్వాలు భుజాన వేసుకుని తోటలోకి నడిచాడు. కాసేపటికి సుత్తి చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆ సాయంత్రం దాకా ఆగలేదు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. గోడల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి లోపల పూడ్చకుండా ప్లాస్టిక్ పైపుల్లో పైనుంచే వైర్లు లాగాడు. ఎర్త్ కోసం పెరట్లో గొయ్యి తవ్వితే పాత పైపు చేత్తో పట్టుకోగానే పొడిపొడిగా రాలింది. కొత్త బోర్డులో, ఎక్కడ కరెంటు లీకైనా ఇంటి మొత్తానికీ ఆపేసే ట్రిప్ స్విచ్చి పెట్టాడు.

చివరి రోజు సాయంత్రం అతను వాళ్ళావిడను వెంట తీసుకొచ్చాడు. అప్పటికి ఆవిడకు అంతా చెప్పేశాడని మొహాలు చూస్తేనే తెలిసింది. ఏడ్చిన కళ్ళు. ఆవిడ గది గదికీ వెళ్ళి చూసింది. "ఇదంతా ఈయనొక్కడే చేశాడా అండీ?" అని నన్ను అడిగింది. అవునన్నాను. వరండాలో అత్తయ్య పక్కన కూర్చుంది. నేను తెచ్చిన కాఫీ చల్లారిపోయింది.

వెళ్ళేటప్పుడు ఆవిడ మొగుడితో అంది: "రేపు మా అమ్మ దగ్గరికి పోదాం. అక్కడా వైరింగు ఇట్లాంటిదే."

తమ్ముడు పోయాక అతను ఆ గడప తొక్కలేదట. అతను సైకిలు స్టాండు తీశాడు. ఆవిడ వెనక ఎక్కి కూర్చుంది.

వానలు మొదలయ్యాక మా ట్రిప్ స్విచ్చి మాటిమాటికీ పడిపోతుంటే కబురు చేశాను. ఈసారి కబురందిన పూటే వచ్చాడు. గేటు దీపంలోకి తడి చేరుతోందని కనిపెట్టి దాన్ని తీసేశాడు. నేను ఆగలేక అడిగేశాను, వాళ్ళ అత్తగారింటి సంగతి.

"అయిందండీ" అన్నాడు ప్లాస్ తుడుచుకుంటూ. "మొదటి రోజు మా అత్త నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. వంటింట్లో లైటు వెలిగిన రోజు మాత్రం అన్నం తిని పొమ్మంది."