అవ్వ మంచం దగ్గరికి మూడు కెమెరాలు

ఆ రోజుల్లో నంద్యాల మొత్తం మీద టెలివిజన్ అంటే ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని నా గట్టి నమ్మకం. తెలిసినవాణ్ణి అన్నాను గానీ చూసినవాణ్ణి అనలేదు. మద్రాసులో రేడియో ఇంజనీరింగ్ డిప్లొమా ముగించుకొని వచ్చి, నాయన బట్టలంగడి పక్కనున్న ఇరుకు గదిలో రేడియోలు బాగుచేస్తూ ఉండేవాణ్ణి. చదువు చెప్పిన మాస్టారు (వాల్వు కాలిపోతే ఇంట్లో మనిషి పోయినట్టు తలపట్టుకునేవాడు గనక ఆయన్ను వాల్వు మాస్టారనేవాళ్లం) వీడ్కోలు రోజున నా చేతిలో ఇంగ్లండులో అచ్చయిన ఒక సీమ పుస్తకం పెట్టాడు. స్టూడియోలో మూడు కెమెరాలు నిలిపి ఒక కార్యక్రమాన్ని అప్పటికప్పుడు ప్రసారం చేయడం ఎలాగో అందులో ఉంది. ఢిల్లీలో టెలివిజన్ మొదలైందని పేపర్లో ఒక మూల చదివిన రోజే ఆ పుస్తకం నా దిండు కిందికి చేరింది. డైరెక్టరు కిటికీ లేని గదిలో కూర్చుంటాడట. అతని ఎదుట కెమెరాకొకటి చొప్పున తెరలుంటాయట. మూడింటిలో ఏ బొమ్మ జనానికి వెళ్లాలో అతను చెప్పేదే చెల్లుతుందట. ప్రేమలేఖలు చదువుకోవలసిన వయసులో నేను ఆ పేజీలు చదువుకొని నిట్టూర్పులు విడిచేవాణ్ణి.

సాధన చేయడానికి కెమెరాలు లేవు గనక కళ్లతోనే చేసేవాణ్ణి. అంగట్లో బేరం జరుగుతుంటే, ధర చెప్పగానే కొనేవాళ్ల మొహం ఒక షాటు, వెంటనే నాయన మొహం ఒక షాటు, ఆ తర్వాత చీర అంచును వదలలేక పట్టుకున్న చెయ్యి ఒక షాటు. ఇలా మనసులోనే ఒక షాటు నుంచి ఇంకో షాటుకు కట్ చేసుకుంటూ నిలబడితే, ఒకరోజు నాయనకు ఓపిక నశించింది.

"ఏందిరా, బేరానికొచ్చినోళ్లను అట్ల గుడ్లప్పగించి చూస్తాండావ్? దొంగలని అనుమానపడతాండారనుకొని లేచి పోరా వాళ్లు?"

నేను టెలివిజన్ సంగతి, డైరెక్టరు సంగతి వివరంగా చెప్పాను. నాయన గజంబద్ద పక్కన పెట్టి అంతా విన్నాడు. "చూసేదానికి పెట్టె ల్యా, తీసేదానికి కెమెరా ల్యా, నువ్వు మాత్రం డైరెక్టరువా?" అన్నాడు. గజంబద్ద మళ్లీ చేతికి తీసుకున్నాడు.

ఆళ్లగడ్డలో మాత్రం నా మాట నమ్మిన మనిషి ఒకతె ఉండేది. మా అమ్మకు అమ్మ, మా అవ్వ. తుంటి విరిగి మంచం పట్టినా గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. అవ్వ ఉండే మా మామ ఇంటి వెనక గోడ దాటితే నాటకాలాడే మైదానం. ఆ చలికాలం అక్కడికి ఒక నాటకం వస్తోందని, రాజ్యం పోగొట్టుకొని అడవుల పాలయ్యే రాజు కథ ఆడతారని తెలిసింది. రాజు వేషం వేసే ఆయన్ను అందరూ పెద్దరాజు అనేవాళ్లు. అవ్వ పెళ్లికాకముందు నుంచీ ఆయన నాటకాలు చూసింది. ఇప్పుడాయనా ముసలివాడే, ఈ ఏడుతో వేషం చాలిస్తాడని చెప్పుకుంటున్నారు. నేను చూడబోయినప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒరే నాయనా, ఇనపడేది గోడ దాటొస్తాది. కనపడేదే రాదు. ఆయప్ప కిరీటం తీసి కింద పెడతాడు సూడు, అప్పుడు ఆ మొగం సూడాల. ఒక్కసారి. మీ టెలివిజను పెట్టె యాడిదాకా వచ్చింది?"

"ఢిల్లీ దాకా వచ్చింది అవ్వా."

"బేగా రమ్మను."

ఢిల్లీ నుంచి ఆళ్లగడ్డ ఎంత దూరమో అవ్వకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రాత్రంతా పుస్తకం తిరగేసి తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాను. కెమెరాలు లేకపోతేనేం, మనుషులున్నారు. ముగ్గుర్ని మైదానంలో మూడు చోట్ల నిలబెడతాను. ఒక్కొక్కరి చేతిలో అద్దం తీసేసిన పటం చట్రం ఒకటి, నోటిముందు మైకు, చెవులకు మిలిటరీవాళ్ల పాత హెడ్‌ఫోను. చట్రంలో ఏం కనిపిస్తే అది మాత్రమే చెప్పాలి. (చట్రం కంటికి దగ్గర పెట్టుకుంటే లాంగ్ షాటు, చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే క్లోజప్. ఈ కిటుకు పుస్తకంలో లేదు, నా సొంతం.) ముగ్గురి మాటలూ తీగల మీద నా హెడ్‌ఫోనులోకి వస్తాయి. నా మైకులో నేను చెప్పేది వాళ్ల చెవులకు వెళ్తుంది. నేను మీట తిప్పి ఎవర్ని ఎంచుకుంటే వాళ్ల గొంతు మాత్రమే బ్యాటరీ యాంప్లిఫయరు గుండా అవ్వ మంచం పక్కనున్న స్పీకరులో పలుకుతుంది. పద్యం గాలిలో వస్తుంది, చూపు తీగమీద వస్తుంది. డైరెక్టరు వేదికను నేరుగా చూడకూడదని పుస్తకంలో ఉంది గనక నేను అవ్వ గది గోడను ఆనుకొని ఉన్న మామ వాళ్ల గొడ్ల కొట్టంలో కూర్చున్నాను. కిటికీ లేని గది ఆ ఇంట్లో అదొక్కటే. పక్కన ఎనుము నెమరు వేస్తూ నన్ను జాలిగా చూసేది.

కెమెరాలను కుదర్చడం వేరే కథ. ఒకటో కెమెరా మా మామ, వేదికకు కుడివైపు. రెండో కెమెరా బొరుగుల బావ, సరిగ్గా ఎదురుగా. (ఎప్పుడు చూసినా జేబులో బొరుగులు పోసుకొని నములుతుండేవాడు గనక ఆ పేరు. నోరు ఖాళీ అయితే మాటలతో నింపేవాడు.) మూడో కెమెరా పంచాయితీ అన్న, వెనకాల ఎద్దులబండి మీద. ఊళ్లో ఏ తగాదా అయినా తనే తీర్చాలని ఆయన నమ్మకం. ముందురోజు సాయంత్రం రిహార్సలులో పుస్తకంలో రాసినట్టే, "ఒకటో కెమెరా, ఎడమకు జరుగు," అన్నాను. హెడ్‌ఫోను పగిలిపోయేలా జవాబొచ్చింది.

"నంబరు పెట్టి పిలుస్తావేందిరా? నేనేమన్నా జైల్లో ఉండానా? మామా అని నోరు రాదా?"

దాంతో నా ఆజ్ఞలన్నీ మార్చి రాసుకోవలసి వచ్చింది. సీమ డైరెక్టరు రెండు ముక్కల్లో తేల్చేది నేను "మామా, మీరు ఏమనుకోకుండా రవ్వంత ఎడమకు జరుగుతారా" అని తేల్చాలి. ఈలోగా రాజు కుడివైపు వెళ్లిపోవడం ఖాయం.

అయినా నాకు దిగులు లేదు. నాటకం పుస్తకం సంపాదించి, పద్యాలు లెక్కపెట్టి, ఏ పద్యానికి ఏ కెమెరానో వరసగా జాబితా రాసుకున్నాను. ఒక పద్యం ముగిసి హార్మోనియం ఆగగానే జాబితాలో ఒక గీత కొట్టి తర్వాతి వరసకు వెళ్లడమే. కిరీటం తీసే పద్యం ఎదురుగా ఎర్ర సిరాతో "బావ, క్లోజప్" అని రాసి కింద రెండు గీతలు గీశాను. అంత పకడ్బందీ ఏర్పాటులో నేను మరిచిపోయింది ఒక్కటే. నాటకం చూసేది మా రాయలసీమ జనం. మా వాళ్లకు పద్యం నచ్చితే ఒక్కసారి విని ఊరుకోవడం ఆడేవాణ్ణి అవమానించడమే. "వన్స్ మోర్" అని మైదానం ఒక్క గొంతుతో అరుస్తుంది, నటుడు మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు, అది బాగుంటే ఇంకోసారి. సీమ పుస్తకం రాసినవాడికి ఈ సంగతి తెలియదు. తెలిసిన నాకేమో ఇంకో లోపం ఉంది. పద్యాలన్నీ నా చెవికి ఒకేలా ఉండేవి. రాగం తీయడం మొదలుపెడితే అది కొత్త పద్యమో పాత పద్యమో నాకు తెలిసేది కాదు.

దీపాలు పెట్టే వేళకు నాటకం మొదలైంది. మొదట్లో అంతా అద్భుతంగా సాగింది. చెవుల్లో ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతుంటే, వాళ్లలో ఒకర్ని ఎంచి మీట తిప్పుతుంటే, ఢిల్లీలో కూర్చున్నట్టే అనిపించింది. "రాజు వచ్చినాడు, నడుముకు పచ్చ పట్టు కట్టినాడు," అని మామ. "మీసం ఒక పక్క ఊడొస్తాంది," అని బావ. గోడ అవతల అవ్వ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నేను జాబితాలో గీత కొట్టాను. ఇంకో పద్యం, ఇంకో గీత. మైదానం "వన్స్ మోర్" అని అరిచింది, రాజు పాడాడు, నేను ఇంకో గీత కొట్టాను. ఎనుము నావంక అనుమానంగా చూసింది గానీ నాకు అర్థం కాలేదు.

కాసేపటికి ఎర్ర సిరా వరస వచ్చేసింది. మైకు నోటి దగ్గరికి లాక్కొని, "బావా, క్లోజప్! ఆయన మొహమే చూడు, కదలద్దు," అని మీట తిప్పాను. బావ వెంటనే అందుకున్నాడు.

"మొగమే చూస్తాండా అవ్వా. ఆయప్ప సింహాసనం మీద కూచోనుండాడు. మంత్రి చెప్తాంటే ఆవులిస్తాండాడు."

"కిరీటమేం చేస్తాండాడురా?" అని అవ్వ గోడ అవతల నుంచి అరిచింది, నా మైకు గుండా బావకు కూడా వినిపించేలా.

"నెత్తినే ఉంది. గట్టిగా ఉంది." పద్యం ముగిసేదాకా బావ అలాగే నిలబడి, "ఒరే, చెయ్యి గుంజుతాంది. ఆవులింతకెందుకురా క్లోజప్పు?" అన్నాడు.

నాటకంవాళ్లే పద్యాల వరస తారుమారు చేశారని నిశ్చయించుకున్నాను. జాబితా తప్పుతుందనే ఆలోచనే నాకు రాలేదు. తర్వాతి వరసల్లో పంచాయితీ అన్న వంతు, అడవిదారి లాంగ్ షాటు. మీట మూడుకు తిప్పాను. ఆయన చట్రంలో అప్పటికి అడవిదారి లేదు గానీ వేరే ముఖ్యమైన విషయం కనిపించింది.

"ఈ పక్క సోడా బండోడు నాటకమాడే గట్టుకు అడ్డం పెట్టినాడు. కోటకందుకూరు నుంచి వచ్చినోళ్లకు కనపళ్యా అంట. నేను చెప్తాండా, రేయ్, బండి ఆ పక్కకు ఈడ్చు. నా మాట ఇనకుంటే రేప్పొద్దున..."

అప్పుడు మైదానం ఉన్నట్టుండి నిశ్శబ్దమైంది. హార్మోనియం కూడా ఆగింది. ముసలి గొంతు ఒక్కటే, ఏ తాళమూ లేకుండా, చాలా మెల్లగా పద్యం ఎత్తుకుంది. జాబితా ప్రకారం అది ఇంకా పంచాయితీ అన్న వంతే గనక నేను మీట ముట్టుకోలేదు. స్పీకరులో మాత్రం సోడా పంచాయితీ సాగుతూనే ఉంది. పద్యం అయిపోయాక గోడ అవతల నుంచి అవ్వ గొంతు వినిపించింది. అంతవరకూ అరిచిన అవ్వ ఈసారి అరవలేదు.

"ఆయప్ప కిరీటం తీసేసినాడు. నాకు సోడాలు చూపిస్తివి గదరా నాయనా."

నా చేతిలో జాబితా అలాగే ఉంది. ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తే కొట్టంలోని గడ్డి వాసన కూడా గుర్తొస్తుంది. డిప్లొమా, సీమ పుస్తకం, ఎర్ర సిరా, అన్నీ ఉండి ఒక ముసలామెకు ఒక్క మొహం చూపించలేకపోయాను.

సరిగ్గా అప్పుడు మైదానం నిద్ర లేచినట్టు గర్జించింది. "వన్స్ మోర్!"

"బావా, ఏం చేస్తున్నాడు?" అన్నాను.

"కిరీటం మళ్లీ పెట్టుకుంటాండాడు! మంత్రి ఎత్తిచ్చినాడు!"

జాబితా ఎనుము ముందుకు విసిరేసి మీట రెండుకు తిప్పాను. "బావా, క్లోజప్. నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు," అన్నాను. పద్యం మొదలైంది. స్పీకరులో ఏ మాటా లేదు. పుట్టినప్పటినుంచీ నోరు మూయని మా బొరుగుల బావ, మాట్లాడవలసిన ఆ ఒక్క క్షణంలో నోరు మూశాడు. బొరుగుల చప్పుడు కూడా లేదు. ఊపిరి వినిపిస్తోంది, అంతే. మామకు మార్చాలా? ప్రసారంలో నిశ్శబ్దం మహాపరాధమని పుస్తకం. మీట మీద వేలు పెట్టాను గానీ తిప్పలేకపోయాను. చివరికి బావ గొంతు వచ్చింది, గుసగుసగా, తన గొంతే కానట్టు.

"అవ్వా... రెండు చేతులతో తీసినాడు. కింద పెడతాండాడు. దాని పక్క చూడల్యా. నెత్తిమీద ఎంటికలు ల్యావు అవ్వా. నుదుటికి అడ్డంగా గీత పడింది, కిరీటం అదిమిన గీత. ఎర్రగా."

పద్యం ముగిసింది. మైదానం మళ్లీ అరిచిందో లేదో నాకు గుర్తులేదు. గోడ అవతల అవ్వ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది:

"ఆ గీత అప్పుడు గూడా ఉండె."

నాటకం ముగిశాక మామకు కోపం, తనవైపు నుంచి రాజు చెవులు ఎంతో బాగా కనిపిస్తే తనను ఎంచుకోలేదని. పంచాయితీ అన్న సోడా తగాదా తీరిందని అవ్వకు ప్రత్యేకంగా వచ్చి చెప్పిపోయాడు. బావ మాత్రం మంచం దగ్గర కూర్చుని, "చెప్పలేకపోతినే అవ్వా, మధ్యలో నోట మాట రాల్యా," అని నొచ్చుకున్నాడు. "చాల్లే, నువ్వు గమ్మునున్నప్పుడే బాగా కనపడె," అంది అవ్వ. మరుసటి వారం నంద్యాల వచ్చిన మామ నోట అంతా విని, నాయన గజంబద్దతో వీపు గోక్కుంటూ, "పెట్టె ల్యాకుండానే చూపించినాడా!" అన్నాడు. అంతకుమించి మెచ్చుకోవడం ఆయనకు రాదు. నాకు అదే నెలల తరబడి సరిపోయింది.

ఆ పెట్టె ఢిల్లీ నుంచి మా వైపు రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. అవ్వ అంతకాలం ఆగలేదు. నేను మాత్రం ఆగి, తిరిగి, అడిగి, నిజం స్టూడియోలో, కిటికీ లేని నిజం గదిలో, నిజం తెరల ముందు కూర్చోగలిగాను. మొట్టమొదటి కార్యక్రమంలో ఒక ముసలి రంగస్థల కళాకారుడి పద్యం. నా ముందు జాబితా ఉంది (అలవాటు పోలేదు, ఎర్ర సిరాతో సహా). రెండో తెరలో ఆయన మొహం క్లోజప్‌లో నిండింది. "సార్, తర్వాతి షాటు," అని సహాయకుడు మెల్లగా గుర్తుచేశాడు. అక్కడ మామా లేడు, అన్నా లేడు, నంబరు పెట్టి పిలిచినా ఎవరూ కోప్పడరు, ఎనుము చూపుల బాధ లేదు. అయినా నేను కట్ చెప్పలేదు. పద్యం ముగిసింది. స్టూడియోలో ఎవరూ అరవలేదు. అరవకూడదని వాళ్లకు ముందే చెప్పి ఉంచింది నేనే. నా వేలు మాత్రం రెండో మీట మీదే కాసేపు ఉండిపోయింది, గోడ అవతల మైదానం మళ్లీ అడుగుతుందేమోనని.