గుర్వమ్మ మంద, గూట్లో పుస్తకం

గుర్వమ్మకు కోపం వస్తే గొర్రెలు కూడా మేత మానేసి చూసేవి. పానగల్ చుట్టుపక్కల ఆమె తొక్కని బీడు లేదు, ఆమె తిట్టని పెద్దమనిషి లేడు. దొరల మీద సంఘం పోరాడిన రోజుల్లో ఎవరో నేర్పిన అక్షరాలు ఆమెకు వచ్చు. అవే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది ఎండాకాలంలో నల్లగొండ అంగడిలో కొన్న మిరియాల పొట్లం విప్పి, ఆ కాగితం చదివింది. "పొయ్యి ముందు తీరిక లేదని బాధపడకు. నువ్వు వెతికే దేవుడు పీట వేసుకుని అక్కడే కూర్చున్నాడు" అని ఉంది. పైన ఏకాంతస్వామి అని పేరు. పుట్టిన్నాటి నుంచీ గుడి మెట్ల కిందే నిలబడి దండం పెట్టిన మనిషాయె! పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. మర్నాడు పరుగున పోతే, మిగతా పుస్తకమంతా ఎప్పుడో పొట్లాలైపోయిందన్నాడు దుకాణదారు.

అదే పుస్తకం రామచంద్రయ్య పటేలు ఇంట్లో దేవుని గూట్లో ఉంది. పల్లికాయ ఒలవడానికి పోయినప్పుడు గుర్వమ్మ కళ్ళారా చూసింది. ఏ జాతరలోనో కొన్నాడట. అట్ట మీద అదే స్వామి పేరు, పసుపూ కుంకుమా, ఆపైన బూజు. అచ్చాఫీసు నుంచి వచ్చిన కాగితాల మడతలైనా కోసి తెరవలేదు మహానుభావుడు!

"పటేలా, నీ చెల్కల నాలుగు రోజులు మంద పెడత. జొన్నలొద్దు, గా పుస్తకమియ్యి" అంది.

"సరే పోవే" అన్నాడాయన.

రెండు వందల గొర్రెలు నాలుగు రోజులు పడుకుంటే చెలక పెంటికల ఎరువుతో నల్లబడింది. ఐదోనాడు పొద్దున్నే పోతే పటేలు తట్టెడు జొన్నలు ముందు పెట్టించాడు.

"గొర్లు కాసెటోల్లకు స్వాములెందుకే? దేవుని గూట్లది, మైలపడతది. జొన్నలు తీస్కపో."

"మాటిచ్చినవ్ గద పటేలా!"

"నువ్వు పుస్తకం జదువుతవా? కలికాలం గాకపోతే!"

గుర్వమ్మకు ఒళ్ళంతా భగ్గుమంది. జొన్నల తట్టను తన్నలేదు, అన్నం కదా. ఇంటికి పోయి చీపురూ గంపా తెచ్చి, చెలకలో వంగి పెంటికలు ఊడ్చి ఎత్తడం మొదలుపెట్టింది. పెట్టిన మందను వెనక్కెత్తుకున్న మనిషిని ఆ తాలూకాలో ఎవరూ చూసి ఉండరు. ఊరంతా గట్టు మీదికి చేరింది.

"పిచ్చి లేసిందా గుర్వమ్మా?" అని ఎవరో అరిచారు.

"నాకెందుకు లేస్తది? నేను మైలైతే నా గొర్లు మైల గాదా? వాటి పెంటిక మైల గాదా? పాపం, పటేలు చెల్క మైలపడ్డది. సాఫ్ జేసి పోత!"

జనం పకపకా నవ్వారు. పటేలు ముఖం మాడిపోయింది. పదకొండో గంప నిండేసరికి ఆయన భార్య అరుణమ్మ పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"తీస్కపో తల్లీ, మా ఇజ్జత్ పోతాంది."

గుర్వమ్మ అక్కడే గట్టు మీద కూర్చుని, బొచ్చు కత్తిరించే కత్తెరతో మొదటి మడత కోసింది. కూడబలుక్కుంటూ చదివింది: "కోపం విడిచినవారే నా మాట వినడానికి తగినవారు."

రెండోసారి చదివింది. ముక్కుపుటాలు అదిరాయి.

"నువ్వు జెప్పినయన్నీ వింట గని, గీ ఒక్కటి విన స్వామీ" అంది. "నాకు కోపం రాకుంటే నువ్వు గా గూట్లనే బూజు పట్టి సచ్చెటోనివి."