చాచా డబ్బాలో బాపు మాట

నా చిన్నతనంలో మెట్‌పల్లిలో మేముండే గల్లీలో కంప్యూటర్ అనే మాట విన్నవాళ్లే తక్కువ. అలాంటి రోజుల్లో పక్కింటి చాచా దాన్ని సొంతంగా తయారు చేశాడు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఆయన హైదరాబాద్ నుంచి చిప్పులు తెచ్చుకుని, చెక్క పలక మీద బిగించి, వైర్లతో కలిపి, ఇంట్లోని బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. ఎనిమిది బిట్ల కంప్యూటర్ అనేవాడు. మాకైతే అది డబ్బా. తెర మీద ఒక చుక్క అటూ ఇటూ పరుగెత్తితే పిల్లలమంతా కేకలు పెట్టేవాళ్లం.

ఆ ఏడే మగ్గం నేసే మా బాపుకు, అంటే నాన్నకు, పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమచేతి వేళ్లు మాత్రం కొద్దిగా కదిలేవి. మేమనేదంతా అర్థమయ్యేది, చదవడమూ వచ్చు. బదులు చెప్పడానికే దారి లేదు. కొన్నాళ్లకు అన్నం ముద్ద నోటి దగ్గరికి రాగానే తల తిప్పుకోవడం మొదలుపెట్టాడు. అలిగాడనుకుని, మేము అవ్వ అని పిలుచుకునే మా అమ్మ బతిమాలింది. బతుకు మీద ఆశ వదులుకున్నాడని చుట్టాలన్నారు. మనిషి రోజురోజుకూ ఎండిపోతున్నాడు.

ఒకసారి చూడటానికి వచ్చిన చాచా ఆ వేళ్ల వైపే చాలాసేపు చూశాడు. కొద్దిరోజులకు డబ్బాను, టీవీని మా ఇంటికే మోసుకొచ్చాడు. మాటలు ఒక్కొక్కటిగా తెర మీదికి వస్తాయట. కావలసిన మాట రాగానే బాపు తన వేలి కింద పెట్టిన మీట నొక్కితే అది అక్కడే ఆగి, డబ్బా మోగుతుందట. ఏ మాటలు పెట్టాలో మమ్మల్నే చెప్పమన్నాడు. నీళ్లు, అన్నం, మందు, నొప్పి అని నేను గబగబా చెప్పాను.

చాచా తల అడ్డంగా ఊపాడు. "గవన్నీ మొహం జూసి మీరే సమజ్ చేసుకుంటున్నరు బిటియా. దీంట్ల జాగ జరంతనే ఉన్నది. మీకు సమజ్ గానియి ఏముంటయో సోంచాయించున్రి."

అవ్వ బాపు మొహం వైపు చూస్తూ ఆలోచించింది. తర్వాత కోపం అంది. సిగ్గు అంది. కొంగుతో కళ్లొత్తుకుని, "భయం పెట్టు అన్నా" అంది.

తెలుగు అక్షరాలు ఆ యంత్రానికి తెలియవు. గళ్ల కాగితం మీద నేను ఒక్కో అక్షరాన్ని చుక్కలుగా నింపితే, చాచా ఆ చుక్కలను అంకెలుగా మార్చి ఎక్కించాడు. మధ్యలో కరెంటు పోయి అంతా చెరిగిపోయింది. ఆయన విసుక్కోలేదు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటినుంచి కూర్చున్నాడు.

మాటలన్నీ ఎక్కాక, మధ్యాహ్నం అవ్వ అన్నం కలిపి తెచ్చింది. బాపు తల తిప్పుకున్నాడు. తెర మీద కోపం వచ్చి పోయింది. సిగ్గు వచ్చి పోయింది. భయం దగ్గర డబ్బా మోగింది.

చాచా మంచం మీదికి వంగి, "తమ్మీ, మింగుతాంటె గొంతుల అడ్డం పడుతాందా? పానం పోతదని భయమైతాందా?" అని అడిగాడు. బాపు మళ్లీ నొక్కాడు. ఈసారి వేలు తీయలేదు. డబ్బా మోగుతూనే ఉంది.

అవ్వ కంచం కింద పెట్టి, "గింత భయం పెట్టుకొని ఒక్కనివే ఏగుతున్నవా" అంటూ ఆయన తలను గుండెకు హత్తుకుంది.

కూర్చోబెట్టి, మెత్తగా, కొద్దికొద్దిగా పెట్టమని డాక్టరు చెప్పాడు. బాపు జావతో మొదలుపెట్టి మళ్లీ తిన్నాడు. మాట తిరిగి రాలేదు గానీ, నా పెళ్లిదాకా మాతో ఉన్నాడు.

చాచా ఇప్పుడు లేడు. నాకూ తల నెరిసింది. ఇంట్లో ఎవరైనా లోలోపల ముడుచుకుపోతే, ఏమైందని అడగడం ఎప్పుడో మానేశాను. పక్కన కూర్చుని, వాళ్లు పైకి అనలేని మాటను నేనే మెల్లగా అని చూస్తాను. తప్పయితే ఇంకోటి అంటాను. సరైన మాట తగిలిననాడు, వాళ్ల చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంటుంది.