పంది తోలు బంతి

వానలో తడిసిన బైబిలు తోలు అట్ట, ఇప్పుడు నేనుంటున్న ఫ్రిస్కోలో కారు హీటరు ముందు ఆరుతున్నప్పుడు వచ్చే వాసన నన్ను తిన్నగా నా చిన్నప్పటి ఊరు పార్సిప్పనీకి, నా పదకొండో ఏటికి తీసుకుపోతుంది. అప్పట్లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌ను ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకునేది. ఆకులు రాలే రోజుల్లో ఎర్రటి మేపుల్ ఆకులు మా బూట్లకంటుకుని లోపలికి వచ్చేవి. ట్రేలలోని కోడి పలావు ఆవిరీ, పెద్దవాళ్ల తడి కోట్ల వాసనా కలిసిపోయేవి; ప్రార్థన ఎంత సాగితే మా ఆకలి అంత పెరిగేది.

మా కింది ఫ్లాట్ ముసలాయన వాల్టర్, స్కూల్లో చూపించి తెచ్చిమ్మని నాకొక ఫోటో ఇచ్చాడు. డబ్బు తీసుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటం కొత్తగా మొదలైన రోజుల్లో, ఆటగాళ్లు చూడనప్పుడు ఎవరో తీసింది. బెంచీ మీద బురదకొట్టుకుపోయిన నలుగురు. తోలు టోపీ ఒళ్లో పెట్టుకుని, బూటు లేసు కట్టుకుంటూ, పక్కవాడి మాటకు పగలబడి నవ్వుతున్నవాడు వాల్టర్ నాన్న. ఆయనది మరో ఫోటో లేదు. నలగకూడదని బైబిల్లో, కీర్తనల మధ్య దాచాను.

సండేస్కూల్లో ఏసురత్నం అంకుల్ వాక్యం తీయమన్నప్పుడు అది జారిపడింది.

"ఏంటమ్మా ఇది?"

"ఫుట్‌బాల్ అంకుల్. పాతకాలం వాళ్లు."

"ఆ బంతిని పిగ్‌స్కిన్ అంటారు, తెలుసా? పంది తోలు. పరిశుద్ధ గ్రంథంలో పందిని మేపుతున్నావా?"

పిల్లలు నవ్వారు.

"నాది కాదంకుల్. ఆయనకి ఇంకోటి లేదు."

"అయితే మీ ఇద్దరికీ పూజకు ఒకటే విగ్రహమన్నమాట."

ఫోటోను నాలుగు ముక్కలు చేసి, ఎంగిలి ప్లేట్ల బుట్టలో పడేశాడు. ఆ బంతిని ఆవు తోలుతో చేస్తారని, పంది పేరులోనే ఉందని తర్వాత లైబ్రరీలో చదివాను. ఫోటో చింపేశారని వాల్టర్‌కు చెబితే "ఇట్స్ ఓకే, కిడ్" అని మెల్లగా తలుపు వేసుకున్నాడు. మంచు కరిగేలోగా పోయాడు.

ఇప్పుడు ఏసురత్నం అంకుల్ తన కొడుకు దగ్గర ఉంటూ మా ఫ్రిస్కో సంఘానికే వస్తున్నాడు. మతిమరుపు వచ్చింది. పగ తీర్చుకోవడం మన పని కాదు, దేవునిదేనని నేనే పిల్లలకు బోధిస్తాను. అయినా ఆరాధన అయ్యాక టీ తీసుకుని ఆయన పక్కన కూర్చుని ఆ ఫోటో వర్ణిస్తాను: బురద, టోపీ, నవ్వు.

"చక్కగా చెప్పావమ్మా. ఏదీ, ఆ ఫోటో?"

"చింపేశారు."

"అయ్యో, ఎవరా పాపాత్ముడు?"

"మీరే అంకుల్."

ఆయన ఏడుస్తాడు. మళ్లీ ఆదివారానికి మరిచిపోతాడు. "నాన్నతో ఎవరూ కూర్చోరక్కా, నిన్ను దేవుడు దీవించాలి" అంటాడు కొడుకు.

ఆ బేస్‌మెంట్ లేదు, వాల్టర్ లేడు, ఆయన నాన్న ముఖం గుర్తున్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ నవ్వు నేను చెబుతున్నంతసేపే బతికుంటుంది. అందుకే చెబుతున్నానని నాకు నేను చెప్పుకుంటాను. కానీ "మీరే అంకుల్" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా టీ ఎప్పుడూ ఇంకా వేడిగానే ఉంటుంది, అంత తొందరగా అక్కడికి చేరుకుంటాను.